పట్టీలు పెంచితే గిట్టుబాటు పెరగదు

అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి, అల్లవరం, సఖినేటిపల్లి రొయ్య, ఊరూరా ధాన్యం. ఏ పంట గట్టు దాటాలన్నా ఇవాళ మనకి పికప్పు బండే దిక్కు. ఎడ్లబండి పోయింది. కాలవలో పడవ పోయింది. ట్రాక్టరు దమ్ముకీ దుక్కికీ సరిపోతోంది. మిగతా మోతంతా బొలేరో పికప్పులు, దోస్తులు, యోధలు, చిన్న ఏనుగు అని మనం పిలుచుకునే టాటా ఏస్‌ల మీదే నడుస్తోంది. వీటిలో కొన్ని రైతులు సొంతానికి కొనుక్కున్నవి. ఎక్కువ మటుకు రైతుల కొడుకులు ఫైనాన్సులో తీసుకుని బాడుగకి తిప్పుకునేవి. బండి కిస్తీ కూడా పంట మీదే తీరాలి. కాబట్టి ఇది డ్రైవర్ల గొడవ, మనకేంటి అని ఈ పేజీ తిప్పెయ్యకండి.

ఒకసారి ఈ బళ్ళ వెనక్కి వెళ్ళి కిందకి వంగి చూడండి. కంపెనీ ఇచ్చిన కమాను కట్టలో అదనంగా రెండు పట్టీలు, మూడు పట్టీలు వేసి ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనకభాగం లేచి, ముక్కు నేలకి వాలి ఉంటుంది. అంత ఎత్తు లేపిన బండికి షాక్ అబ్జార్బర్లు మాత్రం పాత కొలతవే ఉంటాయి. కొన్నిటికి అవి నూనె కారి ఎండిపోయి ఉంటాయి. కొన్నిటికి కింది కన్ను విరిగి వేలాడుతుంటాయి. కొన్నిటికి అసలు ఉండవు, పీకి షెడ్డులో పడేశారు.

నేను చెప్పేది సూటిగా చెబుతాను. ఎత్తు లేపిన బండికి కొలత చూడకుండా దొరికిన షాకు వెయ్యడం, లేదా షాకులు లేకుండా తిప్పడం పొదుపు కాదు. వ్యాపారి మిగులు కోసం, సర్కారు వెయ్యని రోడ్డు కోసం మన బండినీ మన నడుమునీ మన పిల్లల ప్రాణాన్నీ తాకట్టు పెట్టడం. షాకు ఎలా ఎంచుకోవాలో తెలుసుకోవాలి. ఆ ఖర్చు మన నెత్తిన ఎందుకు పడుతోందో కూడా తెలుసుకోవాలి. రెండూ కలిపి మాట్లాడుకోకపోతే ఏడాదికో జత షాకులు మారుస్తూనే ఉంటాం.

ట్రిప్పు లెక్క ఎవరు పెట్టారు?

పట్టీలు సరదాకి ఎవడూ పెంచడు. అమెరికాలో పికప్పు బళ్ళని కొండలెక్కడానికీ ఇసుకలో తిప్పడానికీ సరదాగా ఎత్తు లేపుకుంటారు. అలా లేపేవాళ్ళు ఎత్తుకు తగ్గ పొడుగు షాకులు కూడా వెతికి కొంటారు. మనం లేపేది పొట్టకోసం. బాడుగ ట్రిప్పు లెక్కన ఇస్తారు కాబట్టి ఒక్క ట్రిప్పులో ఎంత పడితే అంత ఎక్కిస్తున్నాం.

మన లెక్కలోనే చూద్దాం. మన ధాన్యం బస్తా 75 కిలోలు. ఒకటిన్నర టన్నుల బండికి 20 బస్తాలు సరిపోయే బరువు. దానిమీద 40 బస్తాలు వేస్తే మూడు టన్నులు. మాటవరసకి ట్రిప్పు బాడుగ 1,500 రూపాయలు అనుకోండి. 20 బస్తాల చొప్పున రెండు ట్రిప్పులేస్తే బస్తాకి 75 రూపాయలు పడుతుంది. 40 బస్తాలూ ఒక్కసారే లేపితే బస్తాకి 37 రూపాయల 50 పైసలు. మిగిలిన 1,500 ఎవరి జేబులోకి వెళ్ళింది? బాడుగ కట్టే మిల్లరుకో, వ్యాపారికో వెళ్ళింది. బండివాడికి వచ్చింది అదే 1,500. దాంట్లోంచే డీజిలు, టైరు, పట్టీ, క్లచ్చు ప్లేటు, షాకు.

బాడుగ రైతే కడితే రైతుకు మిగిలినట్టే కదా అంటారు కొందరు. కొబ్బరి తోటలో బేరం ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. వెయ్యి కాయలకి ఇంత అని ధర చెప్పేటప్పుడే దింపు కూలీ, ఒలుపు కూలీ, బండి బాడుగ అన్నీ లెక్కేసి ధర కోస్తారు. కోసేటప్పుడు మామూలు లోడు లెక్క, ఎక్కించేటప్పుడు డబుల్ లోడు లెక్క. ఒలిచిన కాయ ఆరొందల గ్రాములు వేసుకున్నా మూడు వేల కాయలంటే 1,800 కిలోలు. ఒకటిన్నర టన్నుల బండికి అదే మూడొందల కిలోలు ఎక్కువ. దానిమీద నాలుగు వేలు, ఐదు వేలు పోయించి, పైన ఇద్దరు కూలీలని కూర్చోబెట్టి పంపితే ఎవరి లాభానికి పంపినట్టు?

పట్టుబడితే మాత్రం వ్యాపారి కనపడడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా. మనం అనుకున్న బాడుగ లెక్కన పదమూడు ట్రిప్పుల సంపాదన ఒక్క చెక్‌పోస్టు దగ్గర పోతుంది. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతోంది. యజమాని అలా మార్పు చేస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. యాక్సిడెంటు అయినప్పుడు ఈ పట్టీలు చూపించి బీమా కంపెనీ అడ్డం తిరిగితే, ఆ సాకు వాళ్ళకి మనమే ఇచ్చినట్టు.

షాకు బరువు మొయ్యదు

షెడ్లలో ఎక్కువగా వినపడే పొరపాటు మాట ఒకటుంది. "గట్టి షాకులు వేస్తే ఇంకో పది బస్తాలు లాగుతుంది." ఇది తప్పు. బరువు మోసేది కమాను పట్టీలు. షాకు పని వేరు. గుంతలో చక్రం పడి లేచినప్పుడు కమాను ఊగుతుంది. ఆ ఊపును ఆపేది షాకు. లోపల నూనె, ఆ నూనెలో కదిలే పిస్టను, పిస్టనుకు చిన్న చిన్న రంధ్రాలు, కవాటాలు. ఊపులో ఉన్న బలాన్ని నూనె వేడిగా మార్చి వదిలేస్తుంది. అందుకే గతుకుల రోడ్డు మీద తిరిగి వచ్చిన బండి షాకులు ముట్టుకుంటే వేడిగా ఉంటాయి.

షాకు పనిచెయ్యకపోతే కమాను ఊగుతూనే ఉంటుంది. చక్రం నేలని సగం సేపే పట్టుకుంటుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం? స్టీరింగు తిప్పి ఏం లాభం? మన కాలవ గట్ల రోడ్లకి చాలాచోట్ల అడ్డుగోడ లేదు. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను. ఎదురుగా బస్సు వస్తే మార్జిన్‌లోకి దిగాల్సిందే. గడ్డి లోడుతో తాటిచెట్టంత ఎత్తున ఊగుతూ పోయే బండి, పైగా పట్టీలతో ఇంకో నాలుగంగుళాలు లేపిన బండి, ఆ మార్జిన్‌లో ఒక చక్రం దిగబడితే ఎటు పడుతుందో ఊహించుకోండి.

సరుకు సంగతి కూడా చూడండి. షాకు లేని బండిలో రావులపాలెం చేరిన అరటి గెల ఎలా ఉంటుంది? అత్తాలు ఒరుసుకుని నల్లబడి ఉంటాయి. అక్కడ కొనేవాడు గెలకింత అని కోత కోస్తాడు. షాకుల దగ్గర మిగిల్చామనుకున్నది అరటి దగ్గర పోగొట్టుకున్నాం. డ్రైవరు నడుము నొప్పి ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు.

ఎత్తు లేపితే ఏమవుతుంది?

పట్టీలు పెంచినప్పుడు ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య దూరం పెరుగుతుంది. పాత షాకు ఖాళీ బండి మీదే దాదాపు పూర్తిగా సాగిపోయి ఉంటుంది. గుంత వచ్చి చక్రం కిందకి దిగగానే షాకు చివరికంటా లాగబడుతుంది. కమాను ఇంకా దిగాలని చూస్తుంది, షాకు వదలదు. అప్పుడు చిరిగేది బుష్షు, లేకపోతే విరిగేది కన్ను, లేకపోతే ఊడేది ఛాసిస్ మీది బ్రాకెట్టు. "నిన్న వేసిన షాకు నేడు విరిగింది, కంపెనీ సరుకు బాగోలేదు" అంటారు. సరుకుదేం తప్పు లేదు, కొలత తప్పు.

దీనికి షెడ్డులో ఒక వైద్యం ఉంది. కింద ఒక ఇనుప పట్టీ వెల్డింగు పెట్టి, కన్ను రెండంగుళాలు దింపి బిగించేస్తారు. ఆ వెల్డింగు మీద పడే దెబ్బ ఒకటి రెండు కాదు, ప్రతి గతుక్కీ ఒకటి. అది వంగి విరిగిపోయి బ్రేకు గొట్టాన్ని కోసిందంటే ఇక చెప్పేదేముంది.

ఎత్తుతో ఇంకో మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, కొన్ని పికప్పులకి వెనక ఇరుసు దగ్గర బరువును బట్టి బ్రేకు ఒత్తిడి సర్దే కవాటం ఉంటుంది. దానికి ఒక కడ్డీ కట్టి ఉంటుంది. వెనక ఎత్తు లేచి ఉంటే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకి ఒత్తిడి తగ్గిస్తుంది. నిండా లోడున్నా వెనక బ్రేకు సగమే పడుతుంది. రెండు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి క్రాసులు త్వరగా పోతాయి. మూడు, ఖాళీ బండి ముక్కు వాలి ఉంటుంది కాబట్టి హెడ్‌లైటు వెలుగు దూరం పోదు, రాత్రి గట్టు మలుపు కనపడదు.

కొలిచి కొనండి

ఇక షాకు ఎంచుకోవడం. దుకాణానికి వెళ్ళి "బొలేరోకి వెనక షాకులివ్వు" అంటే ఇచ్చేది కంపెనీ ఎత్తుకి సరిపోయేది. మీ బండి కంపెనీ ఎత్తులో ఉంటే అదే సరైనది, వేరేది వెతకొద్దు. పట్టీలు పెంచిన బండైతే ముందు టేపు తియ్యండి. మూడు కొలతలు కావాలి.

మొదటిది, చదును నేల మీద ఖాళీ బండి నిలబెట్టి పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్యకి కొలవాలి. రెండోది, ఛాసిస్‌ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, పాత షాకు విప్పి, చక్రాలు కిందకి పూర్తిగా వేలాడనిచ్చి అదే దూరం కొలవాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు. మూడోది, మళ్ళీ బండి నేల మీద నిలబెట్టి, బంప్ రబ్బరు నుంచి ఇరుసు దాకా ఎంత ఖాళీ ఉందో కొలవాలి.

ఉదాహరణకి మొదటి కొలత 18 అంగుళాలు, రెండోది 21, మూడోది 4 అనుకోండి. కొత్త షాకు పూర్తిగా సాగితే 21 కంటే ఎక్కువ ఉండాలి, 22 ఉంటే మంచిది. నిండు లోడుతో గుంతలో పడి ఇరుసు రబ్బరుకు తగిలినప్పుడు దూరం 18 లోంచి 4 పోగా 14. రబ్బరు నలిగేది ఇంకో అంగుళం వేసుకుంటే 13. షాకు పూర్తిగా మూసుకుంటే 13 కంటే తక్కువ ఉండాలి. లేకపోతే రబ్బరు తగలకముందే షాకు అడుగు కొట్టుకుని లోపలి కవాటం పగులుతుంది. చాలామంది మొదటిది చూసి రెండోది మర్చిపోతారు. పొడుగు షాకు వేసేస్తారు, ఖాళీ బండి బాగుంటుంది, లోడు వేసిన రోజునే పోతుంది. కాబట్టి సాగిన పొడవు ఒక్కటే చూడొద్దు, మూసుకున్న పొడవు కూడా చూడండి. దుకాణంలో షాకుని సాగదీయించి, నొక్కించి, టేపు పెట్టి చూసుకునే హక్కు డబ్బిచ్చే మనకుంది.

ఆ కొలతకి మంచి షాకు ఎక్కడా దొరక్కపోతే? అప్పుడు బండి మనకి ఒక మాట చెబుతోందని అర్థం. ఎత్తు హద్దు దాటింది, ఒక పట్టీ తీసెయ్యమని. ఖాళీగా ఉన్నప్పుడు తగలకుండా, లోడు పడ్డాకే ఆనే హెల్పర్ పట్టీ ఉంటుంది. బలం నిజంగా కావాల్సినవాళ్ళు మీ మోడలుకి కంపెనీ ఒప్పుకున్న హెల్పర్ పట్టీ ఉందేమో అడగండి. ఎత్తు పెద్దగా లేవదు, షాకు కూడా బతుకుతుంది.

కొలత కుదిరాక రకం. మామూలు నూనె షాకు రెండు గొట్టాలది. గతుకుల్లో గంటలకొద్దీ తిరిగితే దాని నూనె వేడెక్కి నురగ పడుతుంది. నురగ పట్టిన నూనె కవాటంలోంచి తేలిగ్గా జారిపోతుంది, షాకు పట్టు వదిలేస్తుంది. గ్యాసు షాకులో కూడా నూనే ఉంటుంది, దాంతోపాటు నైట్రోజన్ ఒత్తిడి పెట్టి ఉంచుతారు. నురగ తక్కువ పడుతుంది. రోజంతా గట్ల రోడ్ల మీద తిరిగే బాడుగ బండికి గ్యాసుది పెట్టుకోవడం మేలు. వారానికి రెండు ట్రిప్పులు తిరిగే సొంత బండికి కంపెనీ రకం నూనెది చాలు. మరీ బిగువు షాకు వేస్తే ఖాళీ బండి కుందేలులా గెంతుతుంది. బిగువు ఎక్కువ ఉంటే మంచిదనేది భ్రమ.

బిగించేటప్పుడు నాలుగు మాటలు. ఒక ఇరుసుకి రెండు షాకులూ ఒకేసారి మార్చండి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే బండి ఒక పక్కకి ఊగుతుంది. రెండు గొట్టాల షాకుని తలకిందులుగా బిగించొద్దు. బిగించేముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా సాగదీసి నొక్కితే లోపలి గాలి పోతుంది. బుష్షు బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే చెయ్యాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.

డూప్లికేటు సరుకుతో జాగ్రత్త. పేరున్న కంపెనీ పెట్టె రంగు చూసి మోసపోవద్దు. పార్టు నంబరు చూడండి, జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు లేని షాకు పోతే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళి అడుగుతాం?

పోయిన షాకుని గుర్తుపట్టడం కష్టం కాదు. పైన కొంచెం నూనె చెమ్మ ఉంటే కంగారు లేదు, కారి దుమ్ము ముద్దలా అంటుకుంటే పోయినట్టు. టైరు మీద అక్కడక్కడ గిన్నెలు తోడినట్టు అరిగితే షాకు పని చెయ్యడం లేదేమో చూడండి. తిరిగొచ్చాక రెండు షాకుల మీదా జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే చల్లనిది పని మానేసింది.

మన దగ్గర ఇంకో శత్రువు ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి సరే సరి. రొయ్య లోడు బండిలోంచి ఐసు నీళ్ళు, చెరువు ఉప్పునీళ్ళు దారి పొడుగునా కారుతూనే ఉంటాయి. అవి నేరుగా షాకు కడ్డీ మీద పడతాయి. మెరిసే కడ్డీ మీద ఒక్క తుప్పు మచ్చ పడిందంటే అది కదిలిన ప్రతిసారీ ఆయిలు సీలుని గీకుతుంది. రొయ్య దింపిన రోజే మంచినీళ్ళతో కింద కడగండి. దుమ్ము తొడుగు ఊడిపోతే మళ్ళీ పెట్టించండి. లోడు కింద టార్పాలిన్ వేసి నీళ్ళు వెనక నుంచి పోయేలా దారి చూడండి.

రోడ్డు పాడుచేసింది మన పికప్పా?

రోడ్డు గురించి అడిగితే అధికారులకి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "మీరే ఓవర్‌లోడు వేసి పాడుచేస్తున్నారు." దీనికి లెక్కతోనే జవాబు చెబుదాం. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో పరీక్ష రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువుల బళ్ళు తిప్పి చూశారు. అందులో తేలిన సూత్రాన్ని ఇంజనీర్లు ఇప్పటికీ వాడతారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు.

ఆ లెక్కన మన వెనక ఇరుసు మీద బరువు రెట్టింపు చేస్తే మనమూ పదహారింతలు నష్టం చేస్తున్నాం. ఇది ఒప్పుకోవాలి. అయితే అదే లెక్క పూర్తిగా వెయ్యండి. రెండు టన్నుల పికప్పు ఇరుసు పక్కన పది టన్నుల లారీ ఇరుసు పెట్టండి. బరువు ఐదింతలు, నష్టం 625 ఇంతలు. ఇసుక టిప్పరు, చమురు గ్యాసు పనులకి తిరిగే భారీ బండి ఒక్కసారి మన గట్టు రోడ్డు మీద పోతే, మన పికప్పులు వందల ట్రిప్పులేసినంత దెబ్బ. ఆ పైన 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు బరువు హద్దుని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెంచింది. అదే సూత్రంతో లెక్కేస్తే ఒక్కో ఇరుసు చేసే నష్టం అరవై శాతం పైన పెరిగినట్టు. పెద్ద లారీలకి బరువు పెంచుకునే హక్కు ఇచ్చినప్పుడు ఊరి రోడ్డు మందం పెంచాలని ఎవరికైనా గుర్తొచ్చిందా?

మన నేల కూడా చూడాలి. గౌతమి, వైనతేయ, వశిష్ఠల మధ్య ఒండ్రు బంక మట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఇలాంటి నేల మీద రోడ్డుకు అడుగు బలంగా ఉండాలి, పక్కన మురుగు పారాలి. మన గట్లలో చాలా భాగం కాటన్ దొర కాలం నాటి కాలవ పనులతో వచ్చినవి. పడవలూ ఎడ్లబళ్ళూ తిరిగిన రోజుల గట్లు. గట్టు నీటిపారుదల శాఖది, దాని మీద తారు ఇంకో శాఖది. గుంత పడితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. మధ్యలో విరిగేది మన షాకు.

పన్ను కట్టాం, రోడ్డేది?

2020 సెప్టెంబరులో రాష్ట్రం పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. అది అమ్మకం పన్నుకి అదనం. రోజుకి పది లీటర్ల డీజిలు కాల్చే బండి, ఏడాదికి 300 రోజులు తిరిగితే, 3,000 రూపాయలు కట్టినట్టు. పేరులోనే రోడ్డు ఉంది. ఆ డబ్బు మన మండలంలో ఏ రోడ్డు మీద పడింది? వేసిన ప్రభుత్వం పోయింది, కొత్తది వచ్చింది, సెస్సు పోలేదు. 2024 నవంబరులో గుంతలు పూడుస్తామని రాష్ట్రమంతా కార్యక్రమం మొదలుపెట్టారు, సంక్రాంతికల్లా అన్నారు. పూడ్చినచోట పూడ్చారు. మీ ఊరి గట్టుకి ఆ తారు చేరిందో లేదో మీ బండి షాకులే చెబుతాయి.

జీఎస్టీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు విడిభాగాల్లో చాలావాటికి 5 శాతం చేశారు. మంచిదే, రైతు సంఘాలు అడిగిందే. ఆ ధాన్యాన్ని కళ్ళం నుంచి మిల్లుకి చేర్చే పికప్పు షాకు మీద 18 శాతం. అంతకుముందు 28 ఉండేది, తగ్గించామంటారు. దున్నడం సేద్యం, మొయ్యడం విలాసమా? 2025-26 ఖరీఫ్‌కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకి 1,776 చిల్లర. షాకుల జత మూడు వేలు అనుకుంటే దాదాపు రెండు బస్తాల ధాన్యం. ఒక్క గుంత మనకి రెండు బస్తాల ఖరీదు.

2011లో పంట విరామం ప్రకటించి, గిట్టుబాటు కాని సేద్యం మాకొద్దని దేశానికి చాటిన నేల ఇది. ఆ రోజు ధర అడిగాం, మురుగు కాలవలు బాగుచెయ్యమన్నాం. ఆ జాబితాలో రవాణా కూడా చేరాలి. చేలో పండిన పంట మార్కెట్టు చేరేలోగా అయ్యే ఖర్చు సాగు ఖర్చు కాదని ఎవరైనా అంటే, వాళ్ళని ఒకసారి లోడు బండి వెనక ఎక్కించి గట్టు మీద తిప్పి తీసుకురావాలి.

ఇప్పుడు చెయ్యాల్సింది

మన వంతు మనం చేద్దాం. సభ్యుల బళ్ళన్నీ ఈ సీజను మొదలయ్యేలోగా కింద వంగి చూసుకోవాలి. కొలత కుదరని షాకులు మార్చాలి, కుదరకపోతే పట్టీ తియ్యాలి. ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొనే బదులు మండల కమిటీ ద్వారా పది జతలు ఒకేసారి బిల్లుతో కొంటే ధర తగ్గుతుంది, డూప్లికేటు బెడద తప్పుతుంది. ఊళ్ళో నమ్మకమైన మెకానిక్కుని పిలిచి, ఒక ఆదివారం కొలతలు తీయించండి.

బాడుగ ట్రిప్పు లెక్కన ఒప్పుకోవద్దు. కాటా వేసి క్వింటాలు లెక్కన అడుగుదాం. ఒక్కడు అడిగితే వ్యాపారి ఇంకో బండిని పిలుస్తాడు. ఊరి బళ్ళన్నీ ఒకే మాట మీద ఉంటే పిలవడానికి బండి ఉండదు. బండివాళ్ళూ రైతులూ వేరు వేరని చూపించి ఆడుకోనివ్వకండి.

సర్కారుని మూడు అడుగుదాం. ఒకటి, రోడ్డు సెస్సు కింద ఎంత వసూలైంది, మన జిల్లాలో ఏ రోడ్డుకి ఎంత ఖర్చయింది, మండలాలవారీగా చెప్పాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, తెల్ల కాగితం మీద రాసి పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. ప్రతి మండల కమిటీ ఈ నెలలోనే ఒక దరఖాస్తు పెట్టాలి. రెండు, కాలవ గట్ల రోడ్ల బాధ్యత ఏ శాఖదో రాతపూర్వకంగా తేల్చాలి. భారీ టిప్పర్లు ఆ గట్ల మీద తిరగకుండా హద్దు పెట్టాలి, తిరిగితే బాగుచేసే ఖర్చు వాళ్ళ దగ్గర వసూలు చెయ్యాలి. మూడు, పంట మోసే చిన్న బళ్ళ విడిభాగాల మీద జీఎస్టీని ట్రాక్టరు భాగాలతో సమానంగా 5 శాతం చెయ్యాలి.

షాకు కొలిచి వేసుకోవడం మన చేతిలో పని, అది రేపే చెయ్యొచ్చు. విరగకుండా ఉండే రోడ్డు మనం కట్టిన పన్నుతో రావాల్సిన పని, అది అడిగితేనే వస్తుంది. మండల కమిటీ సమావేశానికి వచ్చేటప్పుడు విరిగిన షాకులు తీసుకురండి. ఆర్డీవో గారికి వినతిపత్రంతో పాటు వాటిని కూడా బల్ల మీద పెడదాం.